వలసజనుల స్వస్థత – నగర ఉద్యానాల రూపకల్పన: పిట్లం ప్రాంత వలసల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నగర ఉద్యానవనం ఆధునిక కాలంలో ప్రజారోగ్య సాధనంగా రూపొందింది. అంటువ్యాధులు, ఇరుకు నివాసాలు, కలుషిత జలం పాలకులను కలవరపెట్టినప్పుడు ఖాళీస్థలం అవసరం గుర్తుకు వచ్చింది. ఆ ఇరుకు నివాసాలలో అధికభాగం వలసవచ్చిన శ్రామికులవే. అయినా వారి పేరు మీద తలపెట్టిన ఉద్యానాలు చాలాచోట్ల వారి వాడలకు దూరంగా వెలిశాయి. పూర్వ నిజామాబాద్ జిల్లాలోని పిట్లం పరిసరాల నుండి బొంబాయి, హైదరాబాదు, గల్ఫ్, అమెరికాలకు సాగిన తెలుగువారి వలసలను ఆధారం చేసుకుని, వలసజనులు విడిచివచ్చిన గ్రామ ఉమ్మడి స్థలానికీ నగరం వారికిచ్చిన ఉద్యానానికీ మధ్యనున్న అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ అంతరాన్ని తగ్గించడానికి చరిత్ర సూచించే రూపకల్పన సూత్రాలను వివరిస్తుంది.

కీలకపదాలు: పిట్లం, నిజాంసాగర్, వలస, కామాఠిపుర, ఉద్యానవనం, ఉమ్మడి స్థలం, బతుకమ్మ, స్వస్థత.

1. ఉపోద్ఘాతం

వ్యాధి లేకపోవడమే ఆరోగ్యం కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమం కలిస్తేనే ఆరోగ్యమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1946లో ఆమోదించిన తన రాజ్యాంగంలో నిర్వచించింది. ఈ మూడింటిలో వలసజీవి మొదట పోగొట్టుకునేది సామాజిక క్షేమాన్ని. కూలి దొరుకుతుంది, గది దొరుకుతుంది, ఊరు మాత్రం దొరకదు. ఊరంటే ఇళ్ల వరుస మాత్రమే కాదు. చెరువుకట్ట, రచ్చబండ, గుడి ముందరి ఖాళీజాగా, బొడ్రాయి చుట్టూ ఉన్న నేల కలిస్తే ఊరు. ఇవి ఎవరి సొంతమూ కాదు కనుక అందరివీ అయ్యాయి. మనిషి అక్కడ పని లేకుండా కూర్చోగలడు, పలకరింపబడగలడు.

నగర ఉద్యానానికి ఈ స్థానాన్ని భర్తీ చేయగల శక్తి ఉన్నది. పచ్చదనం మనిషికి మేలు చేస్తుందన్నది నేడు పరిశోధనల ద్వారా రుజువైన విషయం. శస్త్రచికిత్స చేయించుకున్న రోగులలో కిటికీ నుండి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారికంటె త్వరగా కోలుకున్నారని రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రకటించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అయితే చెట్టును చూడడం వేరు, చెట్టు కింద నలుగురితో కూర్చోవడం వేరు. వలసజనుల విషయంలో ఈ రెండవదే ప్రధానం.

2. పిట్లం: వలసల కూడలి

పిట్లం నేడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది నిజామాబాద్ జిల్లాలో భాగం. సంగారెడ్డి నుండి నాందేడ్ వైపు సాగే 161వ జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా వెళ్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు చేరువలో ఉండడం వల్ల తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ, లంబాడీ భాషలు ఇక్కడి సంతలలో కలిసి వినిపిస్తాయి.

ఈ ప్రాంత వలసల చరిత్రలో నిజాంసాగర్ నిర్మాణం ముఖ్యఘట్టం. మంజీర నదిపై అచ్చంపేట, బంజపల్లి గ్రామాల మధ్య 1923లో ప్రారంభమైన ఈ జలాశయం 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా దీనికి రూపమిచ్చాడు. నీటి ముంపు వల్ల పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. ప్రధాన కాలువ నీరు బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు సాగింది. ఆ నీటి వెంట కోస్తాంధ్ర నుండి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఊరి పేరు చివర ‘క్యాంపు’ అన్న మాట చేరిన నివాసాలు ఆ రాకకు నేటికీ సాక్ష్యమిస్తున్నాయి. 1937లో బోధన్‌లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం మరికొందరు శ్రామికులను రప్పించింది.

కాలువ నీరు అందని మెట్ట గ్రామాల కథ దీనికి భిన్నం. వాన తప్పితే పని తప్పేది. కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్‌ల మీదుగా మన్మాడ్ చేరే గోదావరి లోయ రైలుమార్గం 20వ శతాబ్ది ఆరంభం నాటికి అందుబాటులోకి రావడంతో బొంబాయి దారి సుగమమైంది. 1970ల తరువాత చమురు సంపద పెరిగిన గల్ఫ్ దేశాలు ఆ బొంబాయి దారినే ఇంకా పడమటికి పొడిగించాయి. ఈ విధంగా ఒకే నేల కొందరిని రప్పించింది, కొందరిని పంపించింది. వచ్చినవారైనా పోయినవారైనా విడిచిపెట్టినది మాత్రం ఒకటే, తమ ఊరి ఉమ్మడి స్థలం.

3. బొంబాయి: ప్లేగు, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు, తెలుగు వాడలు

తెలుగువారు బొంబాయికి వెళ్లడం రైలుకంటె చాలా పూర్వపు మాట. హార్న్‌బీ వెలార్డ్ అనే అడ్డుకట్ట 18వ శతాబ్ది చివరి పాదంలో పూర్తయి, దీవుల నడుమనున్న పల్లపు భూములు నివాసయోగ్యమైన తరువాత, 1795 ప్రాంతం నుండి తెలుగు శ్రామికులు అక్కడ స్థిరపడసాగారు. కట్టడపు పనులు చేసే ఈ కామాఠీల వల్లనే ఆ వాడకు కామాఠిపుర అన్న పేరు వచ్చింది. ఈ వాడ కేవలం కూలీల మజిలీగా మిగలలేదు. జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాలేవార్ వంటి తెలుగు మూలాలున్న ప్రముఖులున్నారు. నగరాన్ని కట్టినవారు ఆ నగర సంస్కరణోద్యమానికీ చేయూతనిచ్చారు.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. వ్యాధికి మూలం ఇరుకు ఇళ్లు, గాలి వెలుతురు లేని సందులేనని పాలకులు భావించారు. ఫలితంగా 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. ఇరుకు వాడలను తొలగించడం, వెడల్పు రోడ్లు వేయడం, ఖాళీస్థలాలు ఏర్పరచడం దాని ధ్యేయాలు. కామాఠిపురకు పొరుగున ఉన్న నాగ్‌పాడా దాని తొలి పథకం. నగరానికి ఉత్తరాన దాదర్–మాటుంగాలో అదే ట్రస్టు సువిశాలమైన కొత్త వాడలను రూపొందించింది. అక్కడి ‘ఫైవ్ గార్డెన్స్’ నేటికీ నగర ప్రణాళికకు మేలిమి ఉదాహరణగా చెప్పబడుతున్నది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. వ్యాధి భయం పుట్టినది శ్రామిక వాడలలో, విశాలమైన ఉద్యానాలు వెలిసినది మధ్యతరగతి ఉద్యోగులు స్థిరపడిన దాదర్–మాటుంగాలో. కూల్చిన ఇళ్లలో ఉన్నవారందరికీ కొత్త ఇళ్లు దక్కలేదు. పనిచోటికి దూరంగా వెళ్లలేని శ్రామికులు పక్క సందులలోకే సర్దుకున్నారు. ఒక వాడ ఇరుకు తగ్గించే ప్రయత్నం మరొక వాడ ఇరుకును పెంచింది. బైకుల్లాలో 1862లోనే ప్రారంభమైన విక్టోరియా తోట, జనుల నోట ‘రాణీబాగ్’, కామాఠిపురకు నడచివెళ్లగల దూరంలోనే ఉన్నా, అది వృక్షశాస్త్ర ప్రదర్శనకు, విహారానికి ఉద్దేశించిన తోట. రోజుకూలికి అది ఎప్పుడో ఒక పండుగనాటి వినోదమే తప్ప సాయంకాలపు కూడలి కాలేదు.

1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో కార్మికుల కోసం 207 చాళ్లను నిర్మించింది. ఒక్కొక్క గది విస్తీర్ణం 160 చదరపు అడుగులు. తెలంగాణ నుండి వెళ్లిన మిల్లు కార్మికులు, పద్మశాలి కుటుంబాలు వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాలలో స్థిరపడ్డారు. గది అంత చిన్నదైనప్పుడు వరండా, మెట్లు, చాళ్ల నడుమనున్న ఖాళీజాగాలే ఇంటి మిగతా గదులయ్యాయి. వర్లీ చాళ్ల నడుమనున్న జాంబోరీ మైదానం సభలకు, ఆటలకు, పండుగలకు నిలయమైంది. పూలమడులు లేకపోయినా శ్రామిక జీవితంలో ఉద్యానం చేయవలసిన పనిని ఆ మైదానం చేసింది.

1982 మిల్లు సమ్మె తరువాత ఈ వాడలకు మరొక అవకాశం వచ్చింది. మూతపడుతున్న మిల్లుల భూమిని అభివృద్ధి చేసేటప్పుడు మూడు పాళ్లుగా పంచి, ఒక పాలును ప్రజల ఖాళీస్థలానికి, ఒక పాలును ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలిన పాలును యజమానికి ఇవ్వాలని 1991 నాటి 58వ నియంత్రణ నిబంధన నిర్దేశించింది. 2001లో జరిగిన సవరణ ఆ పంపకాన్ని అప్పటికే కట్టడాలు లేని భూమికి పరిమితం చేసింది. 2006 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానం ఆ సవరణను సమర్థించింది. శ్రామిక వాడల నడుమ ఏర్పడవలసిన ఉద్యానాల విస్తీర్ణం నిబంధనలోని ఒక్క మాట అర్థంతో కుదించుకుపోయింది. ఖాళీస్థల చరిత్రలో తోటమాలికంటె చట్టముసాయిదా రాసినవారి పాత్రే పెద్దదని దీనివల్ల తెలుస్తున్నది.

4. హైదరాబాదు: వరద నేర్పిన పాఠం

హైదరాబాదులో ఉద్యాన ప్రణాళికకు ప్రేరణ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు జలాశయాలతో పాటు నదీతీరాన్ని తీర్చిదిద్దడాన్ని కూడా సూచించాడు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను తొలగించి, గాలి వెలుతురు వచ్చే ఇళ్లను, రోడ్లను, ఖాళీస్థలాలను నిర్మించింది. బొంబాయిలో ప్లేగు చేసిన పనిని ఇక్కడ వరద చేసింది. రెండు నగరాలలోనూ ఉద్యానం విపత్తు తరువాత వచ్చిన ఆలోచన.

స్వాతంత్ర్యానంతరం నగరం విస్తరించినకొద్దీ ఉద్యానాలూ పెరిగాయి. 1975లో శంకుస్థాపన జరిగిన ఇందిరా పార్కు 76 ఎకరాలలో విస్తరించింది. అదే కాలంలో పాలమూరు, మెదక్, నిజామాబాద్ జిల్లాల నుండి వచ్చిన కట్టడపు కూలీలకు నగరంలో దొరికిన బహిరంగ స్థలం ‘అడ్డా’. ఉదయం పని కోసం నిలబడే కూడలి అది. అక్కడ నీడ లేదు, కూర్చునే గట్టు లేదు, మరుగుదొడ్డి లేదు. ప్రవేశరుసుము, నడకదారులు, నిర్ణీత వేళలతో నడిచే ఉద్యానం నడక కోసం వచ్చేవారిని దృష్టిలో ఉంచుకున్నది. పగలంతా ఇటుకలు మోసినవారికి కావలసినది నడక కాదు, విశ్రాంతి. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల ఉద్యానమూ అడ్డా ఒకే నగరంలో రెండు వేర్వేరు లోకాలుగా మిగిలాయి.

చట్టాలలోనూ ఈ విభజన కనిపిస్తుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వసతి, వైద్యం, వేతనాల గురించి చెప్పింది, ఖాళీస్థలం ఊసెత్తలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలు ఉద్యానాలు, ఆటస్థలాలను పురపాలక సంఘాల విధులలో చేర్చింది, అక్కడ వలసజనుల ప్రస్తావన లేదు. వలసజీవి ఒక చట్టంలో, ఉద్యానం మరొక చట్టంలో ఉండిపోయాయి.

5. షికాగో: వలసవాడ నడుమ ఉద్యానం

ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన నగరం ఒకటున్నది. 19వ శతాబ్ది చివర షికాగో మాంసపు కర్మాగారాల చుట్టూ పోలిష్, లిథువేనియన్, చెక్ వలసజనులు ఇరుకు ఇళ్లలో నివసించేవారు. నగరపు పెద్ద ఉద్యానాలు వారికి దూరం. జేన్ ఆడమ్స్ నెలకొల్పిన హల్ హౌస్ వలస కుటుంబాల పిల్లలకు 1890లలోనే ఆటస్థలం ఏర్పాటు చేసింది. దాని తరువాత సౌత్ పార్క్ కమిషన్ వలసవాడల నడుమనే చిన్న ఉద్యానాలను నిర్మించ పూనుకున్నది. ఓమ్‌స్టెడ్ సోదరులు వాటి భూదృశ్యాన్నీ, డేనియల్ బర్న్‌హామ్ సంస్థ వాటి కట్టడాలనూ రూపొందించాయి. 1905లో డేవిస్ స్క్వేర్ వంటి ఉద్యానాలు ప్రారంభమయ్యాయి.

వాటి ప్రత్యేకత ‘ఫీల్డ్ హౌస్’ అనే కట్టడం. స్నానపు గదులు, వ్యాయామశాల, పఠనమందిరం, సభామందిరం అందులో ఉండేవి. ఇంట్లో నీటి వసతి లేనివారు అక్కడ స్నానం చేశారు, తమ భాషలో సభలు జరుపుకున్నారు. ఉద్యానం అలంకారాన్ని దాటి వాడకు అవసరమైన వసతిగా మారింది. దూరం తగ్గించడం, లోటును గుర్తించి తీర్చడం, కూడికకు చోటివ్వడం అన్న మూడు సూత్రాలు ఈ ప్రయోగం నుండి గ్రహించదగినవి.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా అమెరికాలోనే ఉన్నది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నిర్మాణానికి నల్లజాతివారు, ఐరిష్ వలసజనులు నివసించిన సెనెకా విలేజ్‌ను 1857 నాటికి ఖాళీ చేయించారు. ప్రజల కోసం కట్టిన ఉద్యానం కొందరు ప్రజలను తొలగించి కట్టినదన్న సత్యం ప్రణాళికాకర్తలు మరువరానిది.

6. మర్రినీడ, విగ్రహప్రాంగణం: గల్ఫ్, డాలస్

నిజామాబాద్ జిల్లా వలసలు గల్ఫ్‌కు మళ్లిన తరువాత లేబర్ క్యాంపులు వారి నివాసాలయ్యాయి. అక్కడ వారపు సెలవునాడు కలుసుకునే బహిరంగ స్థలం విలువ చెప్పనలవి కానిది. షార్జాలోని రోల్లా చౌక్ దక్షిణాసియా శ్రామికులు చాలాకాలంగా కలుసుకునే కూడలి. ‘రోల్లా’ అంటే స్థానిక అరబ్బీలో మర్రిచెట్టు. ఒకప్పుడు అక్కడున్న మహావృక్షం కింద స్థానికులు పండుగలు జరుపుకునేవారు, కొమ్మలకు ఊయలలు కట్టేవారు. 1978లో ఆ చెట్టు ఎండిపోయినా పేరూ కూడలీ నిలిచాయి. ఊరి మర్రి కింద రచ్చబండ మీద పెరిగిన తెలంగాణ శ్రామికునికి ఎడారి నగరంలో దొరికిన చోటు కూడా మర్రి పేరిటదే కావడం యాదృచ్ఛికమే. కానీ నీడ ఉన్నచోట మనుషులు కూడడం ఏ దేశంలోనైనా సహజధర్మమే.

విద్యావంతుల వలస మరొక రూపాన్నిచ్చింది. అమెరికాలోని డాలస్ సమీపాన ఇర్వింగ్ నగరంలో థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబరు 2న మహాత్మాగాంధీ స్మారక ప్రాంగణం ప్రారంభమైంది. తోటకూర ప్రసాద్ నాయకత్వంలో ప్రవాస భారతీయులు నగరపాలక సంస్థతో కలిసి దానిని సాధించారు. సామూహిక యోగాభ్యాసాలకు, జాతీయ దినోత్సవాలకు ఆ ప్రాంగణం వేదికగా ఉన్నది. వలసజనులు నగర ఉద్యానంలో తమ గుర్తును నిలుపుకున్న సందర్భమిది. అయితే అదే ప్రాంతంలో బతుకమ్మ పండుగను తెలంగాణ సంఘాలు అద్దె ప్రాంగణాలలో జరుపుకోవడం చూస్తే, స్మారకానికి దొరికిన చోటు ఆటపాటకు ఇంకా పూర్తిగా దొరకలేదని స్పష్టమవుతుంది. ఆర్థికబలం, సంఘబలం గలవారు అద్దెకు తెచ్చుకోగల చోటును కామాఠిపుర కూలీ గానీ లేబర్ క్యాంపు శ్రామికుడు గానీ తెచ్చుకోలేడు.

7. రూపకల్పన సూత్రాలు

పై చరిత్రను బట్టి వలసజనుల స్వస్థతకు తోడ్పడే ఉద్యానానికి కొన్ని సూత్రాలను నిర్ధారించవచ్చు.

అ) సామీప్యం: నగరం చివర ఒక పెద్ద ఉద్యానంకంటె వాడవాడకూ ఒక చిన్న ఉద్యానం మేలు. దాదర్–మాటుంగా, షికాగోల పోలిక ఈ విషయాన్ని బలపరుస్తున్నది.

ఆ) వేళలు, రుసుము: శ్రామికుని తీరిక రాత్రిపూట, సెలవునాడు. తెరచే వేళలు దీనిని అనుసరించాలి. వెలుతురు, కాపలా ఉంటే స్త్రీలకూ రాత్రివేళ భద్రత కలుగుతుంది. రుసుము తప్పనిసరి కారాదు.

ఇ) నేల, నీరు: బతుకమ్మ ఆడడానికి వలయాకారంగా తిరిగే చదును నేల కావాలి, చివరకు పూలను సాగనంపడానికి నీరు కావాలి. ఎంగిలిపూల నుండి సద్దుల వరకు తొమ్మిది రోజులు సాగే ఈ పండుగను స్త్రీలు తమ శరీరం, గొంతు, నేస్తం మూడింటినీ ఏకం చేసి జరుపుకుంటారు. తంగేడు, గునుగు పెరిగే ఒక మడి, చిన్న నీటిగుంట ఉద్యానంలో భాగమైతే ప్రవాస స్త్రీకి ఆ చోటు తనదవుతుంది. గడ్డి మీద అడుగుపెట్టరాదన్న పలక ఉన్నచోట బతుకమ్మకు చోటు లేదు.

ఈ) గట్టు: వరుస బల్లల మీద కూర్చున్నవారు ఎదుటి తోటను చూస్తారు. చెట్టు చుట్టూ కట్టిన గట్టు మీద కూర్చున్నవారు ఒకరినొకరు చూస్తారు. రచ్చబండ రహస్యం ఇదే.

ఉ) మౌలిక వసతి, భాష: తాగునీరు, మరుగుదొడ్డి, స్నానపు గది, ఆరోగ్య సమాచారం అందించే గది ఉద్యానంలో ఉండాలి. సూచిక పలకలు అక్కడి వలసజనుల భాషలలోనూ ఉండాలి.

ఊ) భాగస్వామ్యం: కోపెన్‌హాగెన్‌లో పలు జాతులవారు నివసించే నోరెబ్రో వాడలో 2012లో ప్రారంభమైన సూపర్‌కీలెన్ ఉద్యానంలో, నివాసుల సూచనల మేరకు వారి వారి దేశాల బల్లలు, ఊయలలు, దీపస్తంభాలు నెలకొల్పారు. ఏమి కావాలో ముందుగా అడగడం అన్నిటికంటె చౌకైన రూపకల్పన సాధనం.

8. పిట్లం ముందున్న ప్రశ్న

ఈ సూత్రాలు మహానగరాలకే పరిమితం కావు. 2020లో తెలంగాణ ప్రభుత్వం పల్లెప్రగతిలో భాగంగా గ్రామగ్రామానా పల్లె ప్రకృతి వనాలను చేపట్టింది. ఉద్యానం అన్న భావన గ్రామానికి చేరడం ఇంత విస్తృతంగా జరగడం ఇదే మొదటిసారి. అదే సంవత్సరం మే 1న దేశంలోని తొలి శ్రామిక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వలసజనులను పంపే ప్రాంతంగా పేరుపడిన తెలంగాణ వారిని రప్పించే ప్రాంతంగా కూడా మారిందని ఆ రైలు లోకానికి తెలియజేసింది. ధాన్యపు మిల్లులలో, రహదారి పనులలో, ఇటుక బట్టీలలో నేడు ఇతర రాష్ట్రాల శ్రామికులు పనిచేస్తున్నారు.

రహదారి పక్కనున్న మండల కేంద్రాలు పట్టణాలుగా మారే క్రమంలో మొదట ధర పలికేవి రోడ్డు పక్క భూములు, మొదట కనుమరుగయ్యేవి ఊరి ఉమ్మడి భూములు. చెరువు శిఖం, బాట పక్క పోరంబోకు, సంత జాగా ఒకసారి కట్టడాల కిందకు పోతే తిరిగి రావు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ విషయంలో పంచాయతీలకు అండగా నిలుస్తుంది. బొంబాయి మిల్లు భూముల విషయంలో జరిగినట్లు ఖాళీస్థలం కోసం నగరం నిర్మాణమైన తరువాత వెదకడంకంటె, పిట్లం వంటి ఊళ్లు ఉన్న చెరువుకట్టనూ సంత జాగానూ ముందే హద్దులు వేసి కాపాడుకోవడం సులువు.

9. ముగింపు

ప్లేగు, వరద, పారిశ్రామిక విస్తరణ వంటి ఒత్తిళ్లు నగరాలకు ఉద్యానాల అవసరాన్ని తెలియజేశాయి. ఆ అవసరం మొదట కనిపించిన చోటు వలసవాడ. ఉద్యానం వలసవాడకు చేరువగా, దాని వేళలకు, పండుగలకు, భాషలకు తగినట్లు రూపొందినప్పుడు అది స్వస్థతా సాధనమైంది. దూరంగా, ప్రదర్శన కోసం రూపొందినప్పుడు దాని మేలు వలసజనులకు అందలేదు. జాంబోరీ మైదానం, డేవిస్ స్క్వేర్, రోల్లా చౌక్ వేర్వేరు కాలాలకు, దేశాలకు చెందినవైనా, ఊరు వదిలివచ్చిన మనిషికి ఊరి ఉమ్మడి స్థలాన్ని కొంతవరకైనా తిరిగి ఇచ్చాయి.

పిట్లం ప్రాంతం నుండి వలసవెళ్లినవారి అనుభవం నేడు అక్కడికి వలసవస్తున్నవారి విషయంలో మార్గదర్శకం కావాలి. చెరువుకట్ట మీద, మర్రిగట్టు మీద వారికీ చోటు దొరకడం పంచాయతీ తీర్మానాలలో, పటాలలో నమోదు కావలసిన విషయం. వలసజనుల నోటిమాటల చరిత్రను సేకరించి, ఏ ఊరివారు ఏ నగరంలో ఏ ఖాళీజాగాను తమదిగా చేసుకున్నారో పటాలపై గుర్తించే పరిశోధనకు ఈ రంగంలో ఎంతో అవకాశమున్నది. తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు, నగర ప్రణాళిక శాఖలు కలిసి చేయదగిన పని ఇది.